సీసా మీద జోన్ పేరు, లోపల ఎవరి ఎముక?

1867లో పారిస్‌లోని ఒక మందుల షాపు అటక మీద గాజు సీసా దొరికింది. ఓర్లియాన్ కన్య జోన్ ఆఫ్ ఆర్క్ చితి కింద దొరికిన అవశేషాలని దానిమీద చీటీ అంటించి ఉంది. లోపల నల్లగా మాడినట్టున్న మనిషి పక్కటెముక, నారబట్ట పేలిక, బొగ్గులాంటి పెళ్లలు, వాటితో పాటు పిల్లి తొడ ఎముక ఒకటి.

ఇంగ్లిషు సేనల మీద ఫ్రాన్స్ తరఫున పోరాడిన జోన్‌ను 1431 మే 30న ఫ్రాన్స్‌లోని రువాన్ పట్టణంలో బతికుండగానే కాల్చేశారు. అప్పటికి ఆమెకు 19 ఏళ్లు ఉంటాయేమో. జనం దాచుకుని మొక్కడానికి ఏమీ మిగలకూడదని బూడిద కూడా సేన్ నదిలో పోసేశారు. అలాంటి అమ్మాయి ఎముక దొరికిందంటే భక్తులకు ఎంత విలువైనదో వేరే చెప్పాలా? 1909లో పరిశీలించినవాళ్లు అది ఆమెదే అయ్యుండొచ్చన్నారు. మరి పిల్లి సంగతి? ఆ రోజుల్లో చితిమంటల్లోకి నల్లపిల్లిని విసిరేవాళ్లు కదా అని సర్దిచెప్పుకున్నారు.

దాదాపు వందేళ్ల తర్వాత ఫిలిప్ షార్లియే అనే ఫ్రెంచి వైద్యుడు తన బృందంతో దీన్ని మళ్లీ పరీక్షించాడు. నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఆయన సెంటు కంపెనీల్లో పనిచేసే ఇద్దరు వాసన నిపుణుల్ని కూడా పిలిపించాడు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఇద్దరూ ఒకటే చెప్పారు: కాలిన ప్లాస్టర్ వాసన, దాంతోపాటు వెనీలా వాసన. ఐస్‌క్రీములో వచ్చే ఆ వెనీలా వాసనకు మూలం వెనిలిన్ అనే పదార్థం. శరీరం మెల్లగా శిథిలమయ్యేటప్పుడు అది పుడుతుంది. మంటల్లో కాలిపోయిన శరీరంలో అది ఉండే వీల్లేదు.

ల్యాబ్ పరీక్షలూ అటే చూపించాయి. ఎముక అసలు కాలనేలేదు. పైనున్న నల్లటి పొర చెట్ల జిగురు, తారు, జిప్సం కలిసిన పూత. పైన్ చెట్ల పుప్పొడి కూడా కనిపించింది. ఈజిప్టులో శవాలు పాడవకుండా పైన్ జిగురు పూసేవాళ్లు. ఇక వయసు తేల్చింది కార్బన్-14, అంటే బతికున్న ప్రతి ప్రాణిలో ఉండే ఒక రకం కార్బన్. ప్రాణం పోయాక ఇది శరీరంలోకి కొత్తగా చేరదు, ఉన్నది సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది. మిగిలినదాన్ని కొలిస్తే క్రీస్తుపూర్వం 6, 3 శతాబ్దాల మధ్య కాలమని వచ్చింది. అంటే జోన్ పుట్టడానికి 1,600 ఏళ్లకు పైగా ముందే పోయిన మనిషి. ఆ పక్కటెముక ఈజిప్టు మమ్మీది, పిల్లి ఎముకా మమ్మీదే.

2007లో ఈ ఫలితాలు బయటికొచ్చాయి. సీసా మందుల షాపులో దొరకడం కూడా ఇప్పుడు వింతగా అనిపించదు. యూరప్‌లో వందల ఏళ్లపాటు మమ్మీల పొడిని మందుగా అమ్మారు. అలా వచ్చిన ముక్కలకే 19వ శతాబ్దంలో ఎవరో జోన్ పేరు రాసి అంటించి ఉంటారని షార్లియే బృందం అనుకుంటోంది. ఈజిప్టులో ఎవరో తమ మనిషిని శ్రద్ధగా జిగురు పూసి, నారబట్ట చుట్టి సాగనంపారు. ఆ మనిషి పేరు మాత్రం ఏ చీటీ మీదా లేదు.