మెయిన్ సీటు: అభ్యర్థి కంటే ముందే చేరిన డబ్బు

అమెరికా సెనేట్‌లో మెయిన్ రాష్ట్రపు సీటు ఒకటి 2026 నవంబరులో మళ్లీ ఓటర్ల ముందుకు వస్తోంది. దానితోపాటు పాత ప్రశ్న కూడా వచ్చింది. రిపబ్లికన్ సెనేటర్ సుసాన్ కాలిన్స్‌ను దించి ఇంకొకరిని పంపమని అక్కడి ఓటర్లను ఒప్పించడం సాధ్యమేనా? ఆల్చిప్పల సాగు చేసే గ్రాహం ప్లాట్నర్ 2025 ఆగస్టులో, గవర్నర్ జానెట్ మిల్స్ అక్టోబరులో డెమొక్రాటిక్ టికెట్ కోసం రంగంలోకి దిగినప్పటి నుంచి చర్చంతా అభ్యర్థి ఎవరన్న దాని చుట్టూనే తిరుగుతూ వచ్చింది. 2020లో కాలిన్స్ చేతిలో ఓడిన డెమొక్రాట్లకు దెబ్బ తగిలింది అక్కడ కాదు. ఓటరును ఎలా అడిగారన్న దగ్గరే తగిలింది. దాని మూలం 2018 శరదృతువులో ఉంది.

కాలిన్స్ 1997 జనవరి నుంచి సెనేట్‌లో ఉన్నారు. మధ్యేమార్గపు రిపబ్లికన్‌గా ఆమెకున్న పేరు, ఒక్క ఓటింగుకూ గైర్హాజరు కాని రికార్డు అందరికీ తెలిసినవే. నేరుగా 2018 అక్టోబరు 5కు వెళదాం.

ఆ మధ్యాహ్నం ఆమె సెనేట్‌లో లేచి దాదాపు ముప్పావు గంట మాట్లాడారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి ట్రంప్ ఎంపిక చేసిన బ్రెట్ కావనాపై లైంగిక దాడి ఆరోపణ చేసిన క్రిస్టీన్ బ్లేసీ ఫోర్డ్, అంతకు ఎనిమిది రోజుల ముందే సెనేట్ కమిటీ ఎదుట సాక్ష్యం చెప్పారు. దేశమంతా టీవీల ముందు కూర్చుని విన్న సాక్ష్యం అది. అందరూ ఎదురుచూస్తున్నది కాలిన్స్ నిర్ణయం కోసం. ప్రసంగం చివరికి వచ్చేసరికి ఆమె ఓటు కావనాకేనని తేలిపోయింది. మరునాడు 50-48 తేడాతో ఆయన నియామకం ఖరారైంది.

ఆమె మాట్లాడుతుండగానే ఇంకోచోట ఇంకో లెక్క నడుస్తోంది. ఒక విరాళాల వెబ్‌సైట్ రద్దీ తట్టుకోలేక మొరాయించింది. కాలిన్స్‌కు 2020లో ఎదురు నిలబడే వ్యక్తి కోసం జనం డబ్బు పంపుతున్నారు. ఆ వ్యక్తి ఎవరో అప్పటికి ఎవరికీ తెలియదు. అలాంటి వ్యక్తి అసలు ఉన్నారో లేరో కూడా తెలియదు.

ఈ పథకం ఎలా పనిచేసిందో కొంచెం దగ్గరగా చూడాలి. ఏఎల్ఎస్ అనే నరాల వ్యాధితో పోరాడుతూనే ఉద్యమం నడిపిన ఏడీ బార్కన్, మెయిన్‌లోని పౌర సంఘాలు కలిసి ఆగస్టులోనే దీన్ని మొదలుపెట్టాయి. దాత తన కార్డు వివరాలిచ్చి మాట ఇస్తాడు. కాలిన్స్ కావనాకు వ్యతిరేకంగా ఓటు వేస్తే పైసా కూడా కదలదు. అనుకూలంగా వేస్తే ఆ సొమ్ము కార్డు నుంచి తీసి, 2020లో ఆమెపై నిలబడే డెమొక్రాటిక్ అభ్యర్థికి అందజేస్తారు. చాలామంది ఎన్నికల సంవత్సరాన్ని గుర్తుచేసేలా 20 డాలర్ల 20 సెంట్లు రాశారు. అలా చిన్న చిన్న మొత్తాలే పోగై దాదాపు 40 లక్షల డాలర్లయ్యాయి. ఇది లంచం ఇవ్వజూపడంతో సమానమని కాలిన్స్ సెప్టెంబరులోనే మండిపడ్డారు. సెనేటర్ చేసిన పనికి ఓటరు చెప్పే జవాబే ఇది, లంచం ఎలా అవుతుందని నిర్వాహకులు బదులిచ్చారు.

నిర్వాహకుల కోపాన్ని తక్కువ చేయడానికి నాకు మనసు రాదు. గర్భస్రావ హక్కు పోతే ఆడవాళ్ల బతుకులు ఎలా ఉంటాయో గుర్తుచేయడానికి ఆ రోజుల్లో కాలిన్స్ ఆఫీసుకు బట్టలు తగిలించే తీగ హ్యాంగర్లు వేల సంఖ్యలో పంపారు. చట్టం ఒప్పుకోని కాలంలో దిక్కులేని ఆడవాళ్లు ప్రాణాలకు తెగించి వాడిన వస్తువు అది. ఆ భయం ఉత్తది కాదని 2022 జూన్ 24న తేలింది. గర్భస్రావ హక్కునిచ్చిన పాత రో తీర్పును సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు మెజారిటీ పక్షాన కావనా ఉన్నారు. కావనా తనతో చెప్పినదానికి, ఆ తీర్పుకు పొంతన లేదని కాలిన్స్ అన్నారు. 2018లో ఆమెను హెచ్చరించినవాళ్ల మాటే నిజమైంది. అయితే ఆ రుజువు ఎన్నిక ముగిసిన ఇరవై నెలలకు వచ్చింది.

ఆ 40 లక్షల డాలర్లు చేసిన పని మాత్రం వేరు. 2020 పోటీ మెయిన్ ఊళ్ల గురించి కాకుండా వాషింగ్టన్‌లో పడిన ఒక ఓటు గురించి అయిపోయింది. మాజీ జాతీయ భద్రతా సలహాదారు సుసాన్ రైస్ ఆ రోజే ట్విట్టర్‌లో 'నేను' అని ఒక్క మాట రాసి, పోటీకి దిగవచ్చన్న ఊహాగానాలకు తెరతీశారు. ఆమె కుటుంబానికి మెయిన్‌తో పాత అనుబంధం ఉంది, కాదనను. 2019 వసంతంలో ఆమె పోటీ చేయనని చెప్పేసిన మాటా నిజమే. ఈలోగా ఆ సీటుకు ఎవరు రావాలో దేశం నలుమూలలా మాట్లాడుకోవడం అలవాటైపోయింది.

ఒక్క ఏడాది వెనక్కి వెళ్తే ఇదే కాలిన్స్ వేరుగా కనిపిస్తారు. 2017 జులై 28 తెల్లవారుజామున ఒబామా ఆరోగ్య చట్టాన్ని రద్దు చేసే బిల్లుకు ఆమె, ఆమె పార్టీ సెనేటర్లే అయిన జాన్ మెకెయిన్, లీసా మర్కౌస్కీ అడ్డం తిరిగారు. బిల్లు 49-51తో వీగిపోయింది. ఆమె ఇంటికి బయలుదేరి బ్యాంగర్ విమానాశ్రయంలో దిగారు. అక్కడ వేరే విమానం కోసం ఎదురుచూస్తున్న ప్రయాణికులు ఆమెను చూసి చప్పట్లు కొట్టారు. పార్టీ పెట్టిన సభ కాదు, పిలిచి తెచ్చిన జనం కాదు. చిన్న ఊరి విమానాశ్రయంలో తమ సెనేటర్‌ను గుర్తుపట్టిన మామూలు మనుషులు. 2020లో ప్రచారకులు ఒప్పించాల్సింది ఇలాంటివాళ్లనే. వాళ్లకు వెళ్లిన సందేశం మాత్రం, మీరు చప్పట్లు కొట్టిన మనిషి మోసగత్తె అని. తప్పుడు మనిషిని నమ్మారని చెబితే ఓటరుకు ముందుగా తగిలేది తన తెలివికి జరిగిన అవమానం.

చివరికి అభ్యర్థి అయిన సారా గిడియన్ అసమర్థురాలేమీ కాదు. భారతదేశం నుంచి వలస వెళ్లిన తండ్రి, ఆర్మేనియన్ మూలాలున్న తల్లి. ఫ్రీపోర్ట్ పట్టణ కౌన్సిల్‌లో మొదలై రాష్ట్ర ప్రతినిధుల సభ స్పీకర్ దాకా ఎదిగారు. 2020 జులై 14న పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నిక గెలిచారు, కావనా నాటి సొమ్ము ఆమెకు చేరింది. తర్వాత ఇక వరదే. మొత్తం 7 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా ఆమె ప్రచారానికి వచ్చాయి. కాలిన్స్ సమకూర్చుకున్నది అందులో సగం కూడా లేదు. మెయిన్ చరిత్రలోనే అత్యంత ఖరీదైన పోటీ ఇది. ఎన్నిక ముగిశాక గిడియన్ ఖాతాలో దాదాపు కోటి 48 లక్షల డాలర్లు ఖర్చు కాకుండా మిగిలిపోయాయి. పదమూడున్నర లక్షల జనాభా ఉన్న రాష్ట్రంలో ఆ సొమ్ముతో కొనడానికి ఇంకేమీ మిగల్లేదు.

మెయిన్‌లో ఒక మాట ఉంది, బయటి నుంచి వచ్చినవాళ్లను 'దూరపువాళ్లు' అంటారు. పుట్టుక వేరే చోటైతే ముప్పై ఏళ్లు అక్కడే కాపురం ఉన్నా ఆ పేరు పోదు. మన ఎన్నికల్లో స్థానికులు, స్థానికేతరుల గొడవ తెలిసినవాళ్లకు ఆ మాట బరువు వేరే చెప్పనక్కర్లేదు. గిడియన్ పుట్టింది రోడ్ ఐలండ్‌లో. కాలిన్స్ పుట్టింది ఉత్తరాన కెనడా సరిహద్దు దగ్గరి కారిబూలో, కలప వ్యాపారం చేసే కుటుంబంలో. ఈ తేడాను కాలిన్స్ ప్రచారం గట్టిగా పట్టుకుంది. తరాల తరబడి టీవీలో కనిపించి ఉద్యోగ విరమణ చేసిన బిల్ గ్రీన్ ఆమెకు మద్దతుగా ప్రకటనలో మాట్లాడారు. కరోనా వేళ చిన్న వ్యాపారుల జీతాల బిల్లులు ఆదుకున్న సహాయ పథకం రచనలో ఆమె చేయి ఉంది. గిడియన్ స్పీకర్‌గా ఉన్న శాసనసభ మాత్రం మార్చిలో వాయిదా పడి మళ్లీ సమావేశం కాలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించారు. తలుపు తట్టే ప్రచారాన్ని మహమ్మారి భయంతో డెమొక్రాట్లు చాలావరకు తగ్గించుకున్నారు. ఆ ఖాళీని టీవీ ప్రకటనలతో నింపారు. గడపకూ తెరకూ ఉన్న దూరం అలాగే ఉండిపోయింది.

ఎన్నికల ముందు వచ్చిన సర్వేలు దాదాపు అన్నీ గిడియన్‌దే పైచేయి అన్నాయి. నవంబరు 3న జరిగింది వేరు. కాలిన్స్‌కు 4 లక్షల 17 వేల ఓట్లు, దాదాపు 51 శాతం. గిడియన్‌కు 3 లక్షల 47 వేలు, 42 శాతం. అదే కాగితం మీద అధ్యక్ష పదవికి బైడెన్‌కు 4 లక్షల 35 వేలు, ట్రంప్‌కు 3 లక్షల 60 వేలు. అంటే కాలిన్స్‌కు ట్రంప్ కంటే దాదాపు 57 వేల ఓట్లు ఎక్కువ. బైడెన్ వెనక నడిచినవాళ్లలో చాలామంది గిడియన్ దాకా రాలేదు. 2016, 2020 ఎన్నికలు రెండూ కలిపి చూసినా, అధ్యక్ష ఓటుకు ఎదురుగా ఒక రాష్ట్రం సెనేటర్‌ను గెలిపించింది ఇదొక్కచోటే. అదే రోజు బైడెన్ గెలిచిన కొలరాడో, ఆరిజోనాల్లో రిపబ్లికన్ సెనేటర్లు ఓడిపోయారు. కాబట్టి గాలి లేదనలేం.

కాలిన్స్ సగం మార్కు దాటడంతో ర్యాంకు ఓటింగు పద్ధతి అక్కరకే రాలేదు. ఎవరికీ సగం రాకపోతే చివరి వరుస అభ్యర్థుల ఓట్లను రెండో ఎంపిక ప్రకారం పంచుతారు. స్వతంత్ర అభ్యర్థి లీసా సావేజ్‌కు వచ్చిన 5 శాతంలో ఎక్కువ గిడియన్‌కు మళ్లుతుందని డెమొక్రాట్లు నమ్మకం పెట్టుకున్నారు. 2018లో ఇదే పద్ధతిలో రెండో కాంగ్రెస్ నియోజకవర్గంలో జారెడ్ గోల్డెన్ పదవిలో ఉన్న సభ్యుణ్ని ఓడించారు మరి.

ఈ సీటులో పదవిలో ఉన్నవాళ్లను దించడం కొత్త కాదన్న సంగతి ఇప్పటి చర్చలో ఎవరూ ఎత్తడం లేదు. 1972లో ఇదే సీటులో రిపబ్లికన్ మార్గరెట్ చేజ్ స్మిత్ ఉన్నారు. కమ్యూనిస్టులన్న ముద్ర వేసి జనాన్ని వేటాడిన సెనేటర్ మెకార్థీని సెనేట్‌లో ఎదిరించిన మహిళ, వరుసగా 2,941 ఓటింగులకు హాజరైన మనిషి. కాలిన్స్ హైస్కూలు విద్యార్థినిగా ఉన్నప్పుడు వాషింగ్టన్ వెళ్లి, దాదాపు రెండు గంటలు ఆమెతో కూర్చుని మాట్లాడారు. అంతటి స్మిత్‌ను డెమొక్రాట్ బిల్ హాథవే ఓడించారు, 53 శాతం ఓట్లతో. ఆయన ఊరూరా తిరిగారు. స్మిత్‌కు రాష్ట్రంలో సిబ్బందితో నడిచే ఆఫీసు కూడా లేదని, మనుషులకు అందుబాటులో లేరని గుర్తుచేశారు. ఆమె సెనేట్‌లో వేసిన ఏదో ఒక్క ఓటు మీద పోటీ నడపలేదు. ఆరేళ్ల తర్వాత హాథవేను రిపబ్లికన్ విలియం కోహెన్ దించారు. కోహెన్ 1972లో ప్రతినిధుల సభకు పోటీ చేసినప్పుడు 600 మైళ్లకు పైగా కాలినడకన తిరిగి, రాత్రిళ్లు ఓటర్ల ఇళ్లలోనే పడుకున్న మనిషి. కాలిన్స్ పన్నెండేళ్లు కోహెన్ దగ్గరే పనిచేశారు. 1996లో ఆయన ఖాళీ చేసిన సీటుకే నిలబడి గెలిచారు. రెండు పదవీకాలాలు చాలునని అప్పట్లో చెప్పారు. ఇది ఐదోది.

ఈ మధ్య కాలపు రికార్డు రెండు వైపులా చదవొచ్చు. 2025 జూన్ 28న ట్రంప్ పన్నుల బిల్లును చర్చకు తీసుకోవడానికి ఆమె ఓటేశారు. పేదల ఆరోగ్య బీమా పథకమైన మెడికెయిడ్‌లో కోతలు తన రాష్ట్రానికి నష్టమని జులై 1న తుది ఓటింగులో వ్యతిరేకించారు. బిల్లు ఉపాధ్యక్షుడి ఓటుతో గట్టెక్కింది. తలుపు తెరిచి, లోపలికి వచ్చాక వద్దన్నారని ప్రత్యర్థులు అంటారు. కేటాయింపుల కమిటీ అధ్యక్ష స్థానం నుంచి రాష్ట్రానికి తెచ్చిన నిధులను మద్దతుదారులు వల్లె వేస్తారు. ఆసుపత్రి మూతబడే భయంలో ఉన్న పల్లె మనిషికి ఈ రెండు వాదనల్లో ఏది దగ్గరో ఆ మనిషి గడపలో నిలబడి అడిగినవాళ్లకే తెలుస్తుంది.

2020 బ్యాలెట్‌లో ట్రంప్‌ను తీసేసి కాలిన్స్‌ను ఉంచుకునే వీలు ఒకే కాగితం మీద దొరికింది. వేలమంది ఆ పనే చేశారు. 2026 బ్యాలెట్‌లో అధ్యక్షుడి గడి లేదు.