విదేశీ లైసెన్స్‌తో కారు బీమా: పాలసీ చేతికి వచ్చినంత మాత్రాన సరిపోదు

వేరే దేశంలో కొత్తగా స్థిరపడి, పాత దేశపు లైసెన్స్‌తోనే కారు నడుపుతున్నవారికి బీమా చూసిపెట్టడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో సగానికి పైగా మొదటి మాటగా చెప్పేది ఒకటే: "కంపెనీ ప్రీమియం కట్టించుకుంది, పాలసీ ఇచ్చింది, కాబట్టి నా లైసెన్స్ ఇక్కడ చెల్లినట్టే కదండీ?" ఇంతమందిని ఇంతగా నష్టపరిచిన అపోహ నా పనిలో మరొకటి కనబడలేదు. అందుకే ముందు దీని గురించే చెబుతాను.

ఆన్‌లైన్‌లో పాలసీ తీసుకునేటప్పుడు తరచుగా మీ లైసెన్స్‌ను ఎవరూ చూడరు. ప్రపోజల్ ఫారంలో మీరిచ్చిన జవాబులను నమ్మి ప్రీమియం లెక్కకడతారు. లైసెన్స్‌ను ముందు పెట్టుకుని తేదీలతో సహా పరిశీలించేది క్లెయిమ్ వచ్చిన రోజునే. పాలసీతో పాటు వచ్చే సర్టిఫికెట్‌లో ఎవరెవరు నడపవచ్చో రాసిన చోట, పేర్ల కింద సాధారణంగా ఒక షరతు ఉంటుంది: నడిపే వ్యక్తికి ఆ వాహనం నడపడానికి చట్టప్రకారం చెల్లే లైసెన్స్ ఉండాలి. అది చెల్లుతుందో లేదో తేల్చేది ఆ దేశపు చట్టమే తప్ప బీమా కంపెనీ కాదు.

విదేశీ లైసెన్స్‌తో ఎంతకాలం నడపవచ్చో చట్టం పెట్టే గడువు ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంటుంది. బ్రిటన్‌లో నివాసం ఏర్పరచుకున్న నాటి నుంచి 12 నెలల వరకు చాలా దేశాల లైసెన్స్‌తో కారు నడపవచ్చు. జర్మనీలో యూరోపియన్ యూనియన్ బయటి దేశాలవారికి సాధారణంగా 6 నెలలు. కెనడాలోని ఒంటారియోలో 60 రోజులు. అమెరికాలో కాలిఫోర్నియాలో స్థిరనివాసం ఏర్పరచుకున్నవారు 10 రోజుల్లోగా అక్కడి లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవాలి. పాలసీ మాత్రం చాలాచోట్ల ఏడాదికి ఇస్తారు. లైసెన్స్ గడువు, పాలసీ గడువు ఒకే రోజున మొదలు కావు, ఒకే రోజున ముగియవు. ప్రమాదమంతా ఈ రెండు తేదీల మధ్యనే ఉంది.

ఒక దంపతులను నేను మరచిపోలేను. 12 నెలల గడువున్న దేశంలో నివాసం మొదలై నాలుగు నెలలు నిండగానే ఆయన సొంత కారు నష్టానికీ వర్తించే సమగ్ర పాలసీ తీసుకున్నారు. పాలసీ పదో నెలలో కూడలి దగ్గర మరో కారును ఢీకొట్టారు. ఆవిడ ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్నారు. అందులో పాలసీ ముగిసే తేదీ కింద పసుపు రంగు పెన్నుతో గీత గీసి ఉంది. "ఇంకా రెండు నెలలుందండీ" అని ఆ గీతను నాకు పదే పదే చూపించారు. కానీ అప్పటికి ఆయన నివాసం పద్నాలుగో నెలలో ఉంది, లైసెన్స్ గడువు ఎప్పుడో దాటిపోయింది. మధ్యలో నెల రోజులు స్వదేశానికి వెళ్లి వచ్చారు గనుక లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని ఎవరో చెబితే ఆయన నమ్మారు. సెలవు మీద వెళ్లి వచ్చినంత మాత్రాన నివాసపు లెక్క మళ్లీ మొదలు కాదు. ఇలాంటి మాటను అంత ధీమాగా ప్రచారం చేసేవారు ఒక్కసారి అధికారిక నియమాన్ని చదివి ఉంటే ఆ కుటుంబానికి అంత కష్టం వచ్చేది కాదు.

ఆయన సొంత కారుకు పైసా రాలేదు. ఎదుటివారి నష్టాన్ని బీమా కంపెనీ చెల్లించి, ఆ మొత్తాన్ని తిరిగి కట్టమని ఆయనకే ఉత్తరం రాసింది. థర్డ్ పార్టీకి, అంటే నష్టపోయిన ఎదుటివారికి, ఎలాగూ వస్తుంది గనుక తమకేమీ కాదనుకునేవారు ఈ సంగతి గమనించాలి. బ్రిటన్‌లో 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం బాధితుడికి పరిహారం అందేలా చూస్తుంది. చెల్లించిన సొమ్మును పాలసీదారు నుంచి రాబట్టుకునే దారిని కూడా కంపెనీకి ఉంచుతుంది. బాధితుడికి రక్షణ ఉన్నంత మాత్రాన మీకు ఉన్నట్టు కాదు.

దీనికి తోడు మరొకటి ఉంది. ఫారంలో "లైసెన్స్ రకం" అన్నచోట చాలామంది స్థానిక పూర్తి లైసెన్స్ అని ఎంచుకుంటారు. మోసం చేయాలని కాదు. తమది లెర్నర్ కాదు, పూర్తి లైసెన్సే కదా అని. దాని కిందే విదేశీ లైసెన్స్ అన్న వరుస వేరుగా ఉంటుంది. బ్రిటన్‌లో 2012 నాటి వినియోగదారుల బీమా చట్టం అజాగ్రత్తగా ఇచ్చిన తప్పు జవాబును, తెలిసి ఇచ్చిన తప్పు జవాబును వేర్వేరుగా చూస్తుంది. అజాగ్రత్త అని తేలి, సరైన జవాబుకు ప్రీమియం మాత్రమే పెరిగి ఉండేదైతే, క్లెయిమ్‌ను ఆ నిష్పత్తిలో తగ్గించవచ్చు: కట్టవలసిన ప్రీమియంలో 60 శాతమే కట్టి ఉంటే 60 శాతమే వస్తుంది. తెలిసి చేశారని తేలితే పాలసీనే రద్దు చేయవచ్చు. భయపడుతూ నాకు ఫోన్ చేసేవారికి నేను చెప్పేది ఒకటే: ప్రమాదం జరగక ముందే మీరు స్వయంగా సరిదిద్దుకోండి. మహా అయితే ప్రీమియం పెరుగుతుంది, లేదా వేరే కంపెనీని వెతుక్కోవలసి వస్తుంది.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉంటే ఇవేవీ అక్కర్లేదన్నది ఇంకో అపోహ. ఆ పర్మిట్ మీ లైసెన్స్‌కు అనువాదం మాత్రమే. అసలు లైసెన్స్ పక్కన లేకపోతే దానికి విలువ లేదు, నివాసులకు చట్టం పెట్టిన గడువును అది పొడిగించదు. 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది ఏడాది చెల్లుతుంది, 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చేది గరిష్ఠంగా మూడేళ్లు. ఏ దేశం ఏ ఒప్పందపు పర్మిట్‌ను ఒప్పుకుంటుందో చూసుకోవాలి: జపాన్‌లో 1949 నమూనాది మాత్రమే పనికివస్తుంది.

నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, వేరే దేశంలో అసలే చెల్లదన్నది పూర్తిగా నిజం కాదు. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, పాత కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం తెచ్చుకుని అడగండి. విదేశీ లైసెన్స్ ఉన్నవారికి బీమా దొరకనే దొరకదన్నదీ వదంతే.

పాలసీ తీసుకునే ముందు కంపెనీని మూడు ప్రశ్నలు ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోండి: నా లైసెన్స్ ఫలానా దేశానిది, అంగీకరిస్తారా? నేను ఇక్కడ నివాసం మొదలుపెట్టింది ఫలానా తేదీన, పాలసీ మధ్యలో లైసెన్స్ గడువు తీరితే ఏమవుతుంది? స్థానిక లైసెన్స్ రాగానే మీకు ఎలా తెలియజేయాలి? ఆ గడువు తేదీని పాలసీ కాగితం మీదే, ముగింపు తేదీ పక్కన రాసుకోండి. గడువు ఇప్పటికే దాటిపోయి ఉంటే ఈరోజే కారు నడపడం ఆపి, స్థానిక లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకుని, కంపెనీకి కబురు చేయండి. లైసెన్స్ చేతికి వచ్చాక ఆ సంగతి కూడా వెంటనే చెప్పండి. చాలాసార్లు ప్రీమియం అక్కడి నుంచే తగ్గడం మొదలవుతుంది.