హెచ్‌ఐవీ ఉన్నవారిలో మతిమరుపు: అపోహలు, వాస్తవాలు

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు (ఏఆర్‌టీ) ఇచ్చే సెంటర్‌కి వచ్చేవాళ్లు బరువు గురించి అడుగుతారు, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) గురించి, వైరల్ లోడ్ (రక్తంలో ఎంత వైరస్ ఉందన్న లెక్క) గురించి అడుగుతారు. మెదడు గురించి అడిగేవాళ్లు చాలా తక్కువ. "ఈమధ్య మనిషి మందకొడిగా తయారయ్యాడు, పిలిచినా పలకడు" అని ఇంట్లో అనుకుంటారే గానీ, అది డాక్టరుకి చెప్పాల్సిన లక్షణమని వాళ్లకి తోచదు. డాక్టరుగా నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే త్వరగా చెబితే చేయగలిగింది చాలా ఉంది.

అపోహ: హెచ్‌ఐవీ మెదడు జోలికి వెళ్లేది చివరి దశలోనే.

వైరస్ ఒంట్లోకి వచ్చిన కొద్ది వారాల్లోనే మెదడుకి చేరుతుంది. రక్తంలో ఉన్నవన్నీ మెదడులోకి పోకుండా ఆపే అడ్డుగోడ ఒకటి ఉంటుంది. మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలకు దాన్ని దాటే వీలుంది. వైరస్ వాటిలో దాగి లోపలికి పోయి, మెదడుకి కాపలా కాసే మైక్రోగ్లియా కణాల్లో స్థిరపడుతుంది. ఆలోచనకి ఆధారమైన న్యూరాన్లకు వైరస్ నేరుగా సోకదు. వైరస్ సోకిన కణాలు వదిలే ప్రొటీన్లు, వాపు పెంచే రసాయనాలే న్యూరాన్లను మెల్లమెల్లగా దెబ్బతీస్తాయి. మందులు మొదలుపెట్టకుండా సీడీ4 బాగా పడిపోయేదాకా ఆగినవారికి ఈ ముప్పు ఎక్కువ.

అపోహ: ఇది కూడా అల్జీమర్స్ లాంటిదే, మనుషుల్ని గుర్తుపట్టరు.

చాలామందిలో అలా ఉండదు. ఇక్కడ ముందు తగ్గేది వేగం. చిల్లర లెక్క చూసుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది, నడక తడబడుతుంది, దేనిమీదా ఆసక్తి ఉండదు. భార్యాబిడ్డల్ని గుర్తుపడతారు, చెప్పిన మాట కూడా అర్థమవుతుంది, కానీ జవాబు ఆలస్యంగా వస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుంటారు, మొండితనం అనుకుంటారు.

దీన్ని పట్టుకోవడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. ముందు నాలుగు మాటలు చెప్పి తిరిగి అనిపిస్తాం: కుక్క, టోపీ, చిక్కుడు, ఎరుపు. తర్వాత బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి వీలైనంత వేగంగా తాకించమంటాం, 5 సెకన్లు. ఆ తర్వాత చేతిని బల్లమీద పిడికిలిగా ఒకసారి, అరచేయి పరిచి ఒకసారి, అంచు మీద నిలబెట్టి ఒకసారి పెట్టమంటాం. 10 సెకన్లలో ఈ వరస ఎన్నిసార్లు వస్తుందో లెక్కిస్తాం. చివర్లో ఆ నాలుగు మాటలు అడుగుతాం. గుర్తురాకపోతే "ఒక జంతువు" అని అందిస్తాం. అందించగానే చెప్పేస్తే అర మార్కు. మొత్తం 12కి 10 లేదా అంతకంటే తక్కువ వస్తే ఇంకా లోతుగా చూడాలి. చదువు రానివారికీ ఇది చేయొచ్చు. తేదీ, వారం, ఊరు అడిగే మామూలు మతిమరుపు పరీక్షలో ఈ మందగింపు ఉన్నవాళ్లు తరచూ పాసైపోతారు.

అపోహ: ఏఆర్‌టీ మందులే మతి పోగొడుతున్నాయి.

దీనికి కొంత కారణం ఉంది. ఇదివరకు ఎక్కువమందికి ఇచ్చిన ఎఫావిరెంజ్ అనే మందు వల్ల తల తిరగడం, పీడకలలు కొందరికి వచ్చేవి. ఇప్పుడు మన సెంటర్లలో ఎక్కువమందికి ఇచ్చేది డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర. దానితో కొందరికి నిద్ర సరిగా పట్టదు. అలా ఉంటే వేసుకునే వేళ మార్చుకోవచ్చా అని అడగండి, సొంతంగా మానేయకండి. మందులు లేని రోజుల్లో ఎయిడ్స్ రోగుల్లో తీవ్రమైన డిమెన్షియా (రోజువారీ పనులకు అడ్డొచ్చేంతగా మతి తగ్గడం) 15 నుంచి 20 శాతం దాకా కనిపించేది. ఇప్పుడది అరుదు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ మొదలుపెట్టిన తొలి రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. ఆ మాత్రలు ప్రాణాలతోపాటు మెదళ్లనీ కాపాడాయి. తేలికపాటి మందగింపు మాత్రం మందులు వాడేవారిలోనూ కొందరికి ఉంటుంది. వయసు పెరగడం, బీపీ, షుగర్, మద్యం దాన్ని పెంచుతాయి.

అపోహ: మన దేశంలో ఉన్న సి రకం వైరస్ మెదడుకి హాని చేయదు.

ఇది డాక్టర్ల నోటే వింటాం. టాట్ అనే వైరస్ ప్రొటీన్‌లో ఉన్న చిన్న తేడా వల్ల సి రకం కాస్త నెమ్మది అన్న వాదన ఉంది, దానికి ఆధారాలూ ఉన్నాయి. కానీ బెంగళూరు, పుణెల్లో జాగ్రత్తగా పరీక్షిస్తే మనవాళ్లలోనూ లోపాలు కనిపించాయి. వెతకకపోతే కనబడవు, అంతే.

అపోహ: వైరల్ లోడ్ కనబడలేదంటే మెదడులోనూ లేనట్టే.

చాలావరకు అంతే. అరుదుగా కొందరిలో రక్తంలో వైరస్ అదుపులో ఉండి, వెన్ను నీటిలో (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు) మాత్రం పెరుగుతుంది. మొదట ఇచ్చిన మందులు పనిచేయక రెండో వరుస మందులు వాడేవారిలో మన దేశంలోనూ ఇలాంటి కేసులు నమోదయ్యాయి. రిపోర్టు బాగున్నా మనిషి తేడాగా ఉంటే వెన్ను నీరు పరీక్షించి, అవసరమైతే మందులు మారుస్తారు. అప్పుడు చాలామంది కోలుకుంటారు.

అపోహ: మతి తప్పితే అది హెచ్‌ఐవీ డిమెన్షియానే.

డిమెన్షియా నెలల తరబడి మెల్లగా వస్తుంది. కొద్ది రోజుల్లోనే తికమక, తలనొప్పి, జ్వరం, ఫిట్స్, ఒక పక్క బలహీనత వస్తే టీబీ మెనింజైటిస్, క్రిప్టోకోకస్, టాక్సోప్లాస్మా లాంటి మెదడు ఇన్ఫెక్షన్లు కావచ్చు. అప్పుడు ఆగకూడదు, అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. బి12 లోపం, థైరాయిడ్, సిఫిలిస్, డిప్రెషన్ కూడా ఇలాగే కనిపిస్తాయి. వీటన్నిటికీ చికిత్స ఉంది.

ఇక్కడ ఒక విన్నపం. న్యూరో డాక్టర్ దగ్గరికి వెళ్లి హెచ్‌ఐవీ సంగతి దాచేవాళ్లున్నారు. భయం అర్థమవుతుంది. కానీ ఆ ఒక్క మాట లేకపోతే ఎంఆర్‌ఐ చూసిన డాక్టరు దారి తప్పుతారు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ హెచ్‌ఐవీ వివరం గోప్యంగా ఉంచాలి, ఆ కారణంగా వైద్యం నిరాకరించకూడదు.

అపోహ: డిమెన్షియా వచ్చాక ఇక మందులు దండగ.

మందులు సరిగా పడితే కొన్ని నెలల్లో తిరిగి పనిలోకి వెళ్లేవాళ్లున్నారు. కొందరికి కొంత లోపం మిగిలిపోతుంది, అయినా ఇంకా దిగజారకుండా ఆపవచ్చు. అసలు చిక్కు ఏమిటంటే, మరిచిపోయే మనిషి మాత్రలు కూడా మరిచిపోతాడు. అందుకని వారం రోజుల మాత్రల డబ్బా, ఫోన్‌లో అలారం, ఆ మనిషి ఒప్పుకున్న మరొకరు పక్కన ఉండటం కావాలి. సెంటర్‌కి వచ్చేటప్పుడు ఆ మరొకరిని వెంట తెచ్చుకోండి. మార్పు ఎప్పుడు మొదలైందో, ముందు ఏ పనిలో తేడా వచ్చిందో చెప్పగలిగేది వాళ్లే. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.