యాసంగి వడ్లు మిల్లులో ఎందుకు విరుగుతాయి, ఆ నష్టం ఎవరు మోస్తున్నారు

తెలంగాణలో యాసంగి (రబీ) వడ్లు ప్రభుత్వ కొనుగోలు సెంటర్లకు రాగానే ఒకటే గొడవ. తేమ 17 శాతం లోపే ఉంటుంది, తాలు తూర్పారబట్టి ఉంటుంది, కాంటా కూడా అయిపోతుంది. అయినా మిల్లు దగ్గర లారీ దించరు. బస్తాకు ఇన్ని కిలోల తరుగు, అంటే తూకంలో కోత, ఒప్పుకోవాలంటారు. మిల్లరు అత్యాశ అని తిట్టి ఊరుకుంటే సగమే అర్థమవుతుంది. మిగతా సగం గింజ లోపల ఉంది.

వడ్ల గింజ పైనుంచి లోపలికి ఆరుతుంది. హార్వెస్టర్‌తో కోసిన వడ్లలో మామూలుగా 20 శాతానికి పైనే తేమ ఉంటుంది. ఏప్రిల్ ఎండకు పైపొర గబగబా ఆరి ముడుచుకుంటుంది, నడిభాగం ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ లాగుడుకు బియ్యపు గింజ మీద అడ్డంగా సన్నటి పగుళ్లు పడతాయి. దీనికంటే పెద్ద దెబ్బ, ఆరిన గింజ మళ్లీ తడవడం. తేమ 14–15 శాతానికి దిగాక చెడగొట్టు వాన పడితే పైపొర నీరు పీల్చి ఉబ్బుతుంది. లోపలి పొడిభాగం దానితోపాటు సాగలేదు, పగులుతుంది. కోత ఆలస్యమైతే పొలంలో నిలబడ్డ చేనులోనూ ఇదే జరుగుతుంది. పైన పొట్టు ఉంటుంది కాబట్టి పగులు కంటికి కనబడదు, తేమ మీటరుకూ అందదు. పొట్టు ఊడి పాలిష్ మిషన్‌లో పడ్డాకే నూకగా బయటికొస్తుంది.

వానాకాలం పంట వాతావరణం చల్లబడ్డాక కోతకొస్తుంది కాబట్టి ఈ బాధ తక్కువ. లెక్క మాత్రం రెండు పంటలకూ ఒకటే. ప్రభుత్వం కొన్న వడ్లను ఆడించి మిల్లరు క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే (వడ్లను ఆవిరి పట్టించి ఆడించినవి) 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. పచ్చి బియ్యంలో నూక 25 శాతం, ఉప్పుడు బియ్యంలో 16 శాతం మించకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. క్వింటాలుకు 67 కిలోల బియ్యం వచ్చినా అందులో 40 శాతం నూక అయిందనుకోండి. నిండు గింజ 40.2 కిలోలే. కానీ ప్రభుత్వానికి ఇచ్చే 67 కిలోల్లో నిండు గింజ 50.25 కిలోలు ఉండాలి. ఆ పది కిలోల లోటు పూడ్చాలంటే 125 కిలోల వడ్లు ఆడించాలి. ఎక్కువైన నూక మిల్లరుకే మిగులుతుంది, అమ్ముకుంటాడు కూడా. కానీ దాని ధర బియ్యం ధరకు సాటిరాదు. రాసిచ్చిన లెక్క 100 కిలోలైతే పైన 25 కిలోలు ఎక్కడినుంచి రావాలి? తరుగుకు మూలం ఇక్కడుంది.

దీనికి ఇన్నాళ్లూ దొరికిన మందు ఉప్పుడు బియ్యం. వడ్లను వేడినీళ్లలో నానబెట్టి ఆవిరి పట్టిస్తే పిండిపదార్థం మెత్తబడి ఉడుకుతుంది, పగుళ్లు అతుక్కుంటాయి. ఆరబెట్టి ఆడిస్తే నూక బాగా తగ్గుతుంది. తెలంగాణలో అన్ని బాయిల్డ్ మిల్లులు వెలవడానికి ఇదే కారణం. చిక్కేమిటంటే ఇక్కడ ఆ అన్నం తినేవాళ్లు లేరు. తినే రాష్ట్రాలు సొంతంగా వడ్లు కొనడం పెంచాక భారత ఆహార సంస్థ గోదాముల్లో ఉప్పుడు బియ్యం పేరుకుపోయింది, ఇకపై తీసుకునేది లేదని కేంద్రం చెప్పింది. 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలో దీక్షకు కూర్చున్నది ఈ యాసంగి వడ్ల గురించే. మరునాడే రాష్ట్రం తానే కొంటానని ప్రకటించింది. పైకి అది కేంద్రం, రాష్ట్రం తగాదా. లోపల ఉన్నది, విరిగిన గింజ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలన్న ప్రశ్న.

ఎవరూ రాసుకోకపోతే అది రైతు బస్తా మీదికే వస్తుంది. తేమకు న్యాయమైన కోత ఎంతో లెక్కగట్టడం కష్టమేమీ కాదు. 20 శాతం తేమ ఉన్న 40 కిలోల బస్తాలో పొడి పదార్థం 32 కిలోలు. దాన్ని 0.83తో భాగిస్తే, 17 శాతం తేమ దగ్గర బరువు 38.55 కిలోలు. అంటే కోత కిలోన్నరకు కాస్త తక్కువ. అప్పటికే 17 శాతానికి ఆరబెట్టుకొచ్చిన బస్తాలో కోత సున్నా ఉండాలి. అక్కడ రెండు కిలోలు తీస్తే 2025–26 సాధారణ రకం మద్దతు ధర 2,369 రూపాయల లెక్కన బస్తాకు 47 రూపాయలు పోయినట్టు. ఎకరాకు 60 బస్తాలు పండితే 2,840 రూపాయలు దాటుతుంది. నా దృష్టిలో ఇది తేమ కోత కాదు, నూక భారాన్ని తేమ పేరుతో వసూలు చేయడం.

రైతు చేతిలో ఉన్నదీ కొంత ఉంది. 20–22 శాతం తేమ దగ్గర కోయాలి, చేను మీద ఎండబెట్టకూడదు. కల్లంలో మరీ పలచగా పరిస్తే పైపొర మాడుతుంది, మందంగా పోస్తే అడుగు ఆరదు. అంగుళం, అంగుళంన్నర మందంలో పోసి గంటకోసారి తిరగేయాలి. నడి ఎండలో కుప్ప చేసి పట్టా కప్పితే లోపలి తేమ పైకి సర్దుకుంటుంది, పగుళ్లు తగ్గుతాయి. కాలే తారురోడ్డు మీద పొద్దంతా వదిలేయడం అన్నిటికంటే చెడ్డది. వాన సూచన ఉంటే పైన పట్టా ఒక్కటే చాలదు, కుప్ప అడుగుకు నీళ్లు చేరకుండా చూడాలి. మీటరుకు శాంపిల్ కుప్ప పైనుంచి కాక మూడు నాలుగు చోట్ల లోపలినుంచి తీసి, చల్లారాక పెట్టించాలి. వేడి గింజతో రీడింగ్ తేడా వస్తుంది.

నాట్లు ముందుకు జరిపి మార్చి చివరికల్లా కోత ముగించడం వీటన్నిటికన్నా బలమైన ఉపాయం. అందుకు కాలువ నీళ్లు ముందే వదలాలి, వానాకాలం పంట కూడా తొందరగా తేలాలి. అది ఒక్క రైతు నిర్ణయంతో అయ్యేది కాదు. పైగా 2024 నుంచి రాష్ట్రం సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తోంది, 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్న బియ్యం పంచుతోంది. సన్న గింజ దొడ్డు గింజకంటే తేలిగ్గా విరుగుతుంది, ఉప్పుడు చేస్తే రేషన్‌లో ఎవరూ తీసుకోరు. యాసంగిలో సన్నాలు పెరిగేకొద్దీ 67 కిలోల లెక్కను కాలాన్ని బట్టి సవరించి తేడాను ప్రభుత్వం భరించాలి. లేకుంటే బోనస్‌గా ఇచ్చినదాంట్లో కొంత తరుగు రూపంలో వెనక్కి పోతుంది.