లైనక్స్‌లో సీరియల్ పోర్ట్ పలకకపోతే: కొన్ని అపోహలు, అసలు సంగతులు

రౌటర్ కన్సోల్ కావచ్చు, ఎనర్జీ మీటర్ కావచ్చు, కోఠిలో కొనుక్కొచ్చిన ఆర్డుయినో బోర్డు కావచ్చు, లైనక్స్ ల్యాప్‌టాప్‌కి తగిలించాక స్క్రీన్ మీద ఏమీ రాకపోతే మొదట అందరి చెయ్యీ బాడ్ రేట్ (సీరియల్ వైరు మీద డేటా పంపే వేగం) మీదకే పోతుంది. 9600 పెట్టి చూస్తారు, 19200 పెడతారు, 115200 పెడతారు, మళ్లీ 9600కి వస్తారు. దయచేసి అలా చేయకండి, పూటంతా అక్కడే గడిచిపోతుంది.

అపోహ: ఏమీ రావడం లేదంటే బాడ్ రేట్ తప్పు.

బాడ్ రేట్ తప్పితే మామూలుగా పిచ్చి అక్షరాలు వస్తాయి. చెత్త వచ్చిందంటే వైరు పనిచేస్తోందనే అర్థం, సంతోషించాల్సిన విషయమే. అసలేమీ రాకపోతే కారణం సాధారణంగా ఇంకోచోట ఉంటుంది.

నా దగ్గరకు ఎక్కువగా వచ్చే కేసు వేరే. పరికరం బూట్ అయ్యే మెసేజ్‌లన్నీ శుభ్రంగా కనిపిస్తాయి, లాగిన్ ప్రాంప్ట్ కూడా వస్తుంది, కానీ కీబోర్డు మీద ఏది నొక్కినా అవతలికి చేరదు. ఇలా ఉంటే బాడ్ రేట్ జోలికి అస్సలు పోవద్దు, అది సరిగ్గా ఉండబట్టే అక్షరాలు చదవగలుగుతున్నారు. సీరియల్ పోర్ట్‌తో మాట్లాడే మినీకామ్ ప్రోగ్రామ్‌లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (అవతలివాళ్లు సిద్ధమా అని వేరే వైర్ల మీద చూసుకునే పద్ధతి) చాలావరకు డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. మీ కేబుల్లో పంపే వైరు, అందుకునే వైరు, గ్రౌండ్ ఈ మూడే ఉంటే, ‘పంపొచ్చు’ అని చెప్పే సీటీఎస్ లైన్ ఎవరూ ఎత్తరు, కెర్నల్ (లైనక్స్ మూలభాగం) దానికోసం ఎదురుచూస్తూ మీరు టైప్ చేసిందంతా ఆపేస్తుంది. మినీకామ్‌లో కంట్రోల్-ఏ, తర్వాత ఓ నొక్కి, సీరియల్ పోర్ట్ సెటప్‌లోకి వెళ్లి ఎఫ్ నొక్కి ‘నో’ చేయండి, డిఫాల్ట్‌గా సేవ్ చేయండి.

అపోహ: /dev లో టీటీవైఎస్0 (ttyS0) అనే పేరు కనిపిస్తోంది కాబట్టి పోర్ట్ ఉంది.

ఉబుంటులో టీటీవైఎస్0 నుంచి టీటీవైఎస్31 దాకా పేర్లు వరసగా ఉంటాయి, వెనక చిప్ ఉన్నా లేకపోయినా. సెట్‌సీరియల్ కమాండ్‌తో అడిగితే ‘యూఏఆర్‌టీ అన్‌నోన్’ (సీరియల్ చిప్ తెలియదు) అని చెబితే అక్కడేమీ లేనట్టే. యూఎస్‌బీ కన్వర్టర్ అయితే పేరు టీటీవైయూఎస్‌బీ0 అనో టీటీవైఏసీఎం0 అనో ఉంటుంది. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) తెరిచి పెట్టుకుని కేబుల్ పీకి మళ్లీ పెట్టండి. ఒక్క లైన్ కూడా కదలకపోతే ముందు కేబుల్‌నే అనుమానించండి, చార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరాని కేబుళ్లు బోలెడు తిరుగుతున్నాయి.

అపోహ: యూఎస్‌బీ కన్వర్టర్లలో ఉండే సీహెచ్340 చిప్‌కి డ్రైవర్ వెతికి వేసుకోవాలి.

అక్కర్లేదు, దాని డ్రైవర్ కెర్నల్లోనే ఉంది. ఉబుంటు 22.04లో మాత్రం ఒక ఇబ్బంది ఉంది: టీటీవైయూఎస్‌బీ0 అలా వచ్చి ఇలా మాయమవుతుంది. డీమెసేజ్‌లో చూస్తే బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ దాన్ని లాక్కున్నట్టు రాసి ఉంటుంది. అది చూపులేని వారి బ్రెయిల్ డిస్‌ప్లేలను నడిపే ప్రోగ్రామ్, అలాంటి ఒక పరికరానికీ సీహెచ్340కీ యూఎస్‌బీ ఐడీ ఒకటే కావడంతో ఈ గొడవ. ఆ మెషీన్‌ని బ్రెయిల్‌తో వాడేవాళ్లు ఎవరూ లేకపోతే తీసేయండి. ఉంటే మాత్రం తీయొద్దు, ఆ ఐడీ ఉన్న ఒక్క రూల్‌ని, అంటే పరికరం తగిలించగానే ఏం చేయాలో చెప్పే యూడెవ్ రూల్‌ని ఆపితే చాలు.

అపోహ: పర్మిషన్ డినైడ్ వస్తే, పోర్ట్ ఫైల్ మీద అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే సీహెచ్‌మాడ్ 777 కొట్టాలి.

కేబుల్ తీసి పెట్టగానే యూడెవ్ ఆ ఫైల్‌ని కొత్తగా తయారుచేస్తుంది, మీ 777 పోతుంది. మీ యూజర్‌ని డెబియన్, ఉబుంటుల్లో డయలౌట్ గ్రూపులో, ఆర్చ్ లైనక్స్‌లో యూయూసీపీ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. చాలామంది ఈ లాగౌట్ దగ్గరే ఆగిపోయి ‘చేర్చినా రావట్లేదు’ అంటారు.

అక్షరాలు కొన్ని వచ్చి కొన్ని మిస్సవుతుంటే అదే పోర్ట్‌ని ఇంకో ప్రోగ్రామ్ కూడా చదువుతోందేమో, ఫైల్‌ని ఎవరు తెరిచారో చెప్పే ఎఫ్‌యూజర్ కమాండ్‌తో చూడండి. మర్చిపోయిన స్క్రీన్ ప్రోగ్రామ్ సెషన్, లాగిన్ ప్రాంప్ట్ చూపే గెట్టీ, మోడెమ్‌ల కోసం వెతికే మోడెమ్‌మేనేజర్, వీటిలో ఏదో ఒకటి దొరకొచ్చు.

అపోహ: సీరియల్ అంటే సీరియలే, ఏ పిన్‌కైనా కలపొచ్చు.

ఇది బోర్డుని కాల్చే అపోహ. 9 పిన్‌ల సీరియల్ పోర్ట్ వాడే ఆర్‌ఎస్-232 లైన్ మీద ప్లస్, మైనస్ 3 నుంచి 15 వోల్టుల దాకా తిరుగుతుంది, రాస్ప్‌బెర్రీ పై పిన్‌లు 3.3 వోల్టులకే. మధ్యలో వోల్టేజీ మార్చే మ్యాక్స్3232 లాంటి చిప్ ఉండాల్సిందే.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే అవతలి పరికరాన్ని కేబుల్ నుంచి ఊడదీసి, కన్వర్టర్ 9 పిన్‌ల కనెక్టర్లో 2, 3 పిన్‌లను చిన్న వైరుతో కలపండి. ఫ్లో కంట్రోల్ ఆపి టైప్ చేస్తే అక్షరాలు తిరిగి రావాలి. వచ్చాక వైరు తీసి మళ్లీ టైప్ చేయండి. అప్పుడూ కనిపిస్తుంటే అది లోకల్ ఎకో (మీ ప్రోగ్రామే మీరు టైప్ చేసింది చూపించడం), పరీక్ష చెల్లదు. ఆగిపోతే మీ ల్యాప్‌టాప్, డ్రైవర్, కన్వర్టర్ మూడూ బాగున్నట్టే. పంపేదీ అందుకునేదీ ఒకే చిప్ కాబట్టి బాడ్ రేట్ ఎంత పెట్టినా ఇక్కడ తేడా తెలియదు. ఇక చూడాల్సింది అవతలి వైపు: 2, 3 పిన్‌ల వైర్లు ఒకదానికొకటి తారుమారై కలవాల్సిన చోట నేరుగా కలిపే కేబుల్ వేశారా, 5వ పిన్ గ్రౌండ్ తగిలిందా, ఆ తర్వాతే బాడ్ రేట్.