పత్తి ధర, పరదేశం, మన పని: అపోహలు - వాస్తవాలు

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ ప్రాంతంలో జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు) లెక్కలు చూసే నాకు, ఇక్కడి తెలుగు రైతుల నోట ఏటా పత్తి సీజన్‌లో వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మన పత్తి ధరను న్యూయార్క్ బజారే నిర్ణయిస్తుంది.

వాస్తవం: ఇందులో సగమే నిజం, ఎందుకంటే ఆ మాట దూది ధరకే వర్తిస్తుంది. క్వింటాలు పత్తిని ఆడిస్తే సుమారు 34 కిలోల దూది, 64 కిలోల గింజలు వస్తాయి, మిగిలింది తరుగు. దూదిని ఖండీల లెక్కన, అంటే 356 కిలోల చొప్పున అమ్ముతాము. ఖండీపై వెయ్యి రూపాయలు తగ్గితే క్వింటాలు పత్తిపై దాదాపు 95 రూపాయలు తగ్గుతాయి. అదే సమయంలో గింజల ధర క్వింటాలుకు 150 రూపాయలు పెరిగితే ఆ నష్టం పూడిపోతుంది. గింజల ధర నూనెను బట్టి, నూనె ధర ఇండోనేషియా, మలేషియాల నుంచి వచ్చే పామాయిల్‌ను బట్టి కదులుతుంది. కాబట్టి ఆదిలాబాద్ యార్డుకు బండి తోలాలా, ఇక్కడే అమ్మాలా అని ఆలోచించే రైతు దూది ధరతో పాటు గింజల ధరను కూడా అడగాలి. అడిగేవారు తక్కువ.

అపోహ: ఇంత పత్తి పండే దేశంలో దిగుమతి అంటే రైతుకు ద్రోహమే.

వాస్తవం: అతి పొడవు పింజ (దూది పోగు) పత్తి మన దగ్గర చాలినంత పండదు కనుక, సన్ననూలు వడికే మిల్లులు దానిని ఎప్పుడూ తెప్పించుకుంటూనే ఉన్నాయి. అసలు చిక్కు దిగుమతి సుంకంలో, అంతకు మించి దాన్ని ఎత్తివేసే వేళలో ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి ఉన్న 11 శాతం సుంకాన్ని 2025 ఆగస్టు 19న ఎత్తివేసి, ఆ మినహాయింపును డిసెంబరు 31 వరకు పొడిగించారు. అదే ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. తమిళనాడులోని తిరుప్పూరు వంటి చోట్ల కుట్టుపని నిలవాలంటే ముడిసరుకు చౌకగా దొరకాలన్నది బట్టల పరిశ్రమ వాదన, అది కాదనలేనిది. అయితే మా కొత్త పత్తి అక్టోబరులోనే, అంటే ఆ మినహాయింపు ఉండగానే, మొదలైంది. 2025-26 సీజన్‌లో పొడవు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు ఉన్నా, తేమ 12 శాతం దాటిన పత్తిని సీసీఐ (ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) కొనదు. వానకు తడిసిన తొలి ఏరుడు పత్తి వ్యాపారి చేతికే పోతుంది. ఒకరి ఉద్యోగాన్ని కాపాడిన నిర్ణయం వల్ల మరొకరి బేరం బలహీనపడిందని నా అభిప్రాయం.

అపోహ: పత్తి పండే చోటే పని పుడుతుంది.

వాస్తవం: బంగ్లాదేశ్‌లో పత్తి పంట నామమాత్రమే అయినా, దుస్తుల ఎగుమతిలో అది ప్రపంచంలో ముందు వరుసలో ఉంది, మన దూదినీ, నూలునూ కొంటుంది. మా మిల్లులోనేమో పని సీజన్ ఉన్నంత వరకే. మార్చి దాటాక జిన్ను దగ్గర పనిచేసే కూలీలలో చాలామంది వేరే ఊరి బస్సు ఎక్కుతారు.