వైరస్ చేత జన్యువు మోయించడం: అపోహలు - వాస్తవాలు

అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి బెంగళూరు ఆస్పత్రులకు వచ్చి జన్యు చికిత్స (కావలసిన జన్యువును వైరస్ చేత మోయించి కణాల్లోకి పంపే వైద్యం) గురించి వాకబు చేసే తల్లిదండ్రుల మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "పిల్లాడికి వైరస్ ఎక్కిస్తారా?" ఇక్కడి ల్యాబుల్లో కొత్తగా చేరే మన తెలుగు విద్యార్థుల నమ్మకం దీనికి పూర్తిగా ఎదురు. రోగం తెచ్చే జన్యువులు తీసేశారు కాబట్టి ఇక ప్రమాదమే లేదనుకుంటారు. ఇద్దరికీ అసలు తెలియాల్సింది డోసు గురించి, ఒకసారి ఇచ్చాక మళ్లీ ఇవ్వడం కుదరదన్న సంగతి గురించి. ఆ రెండూ చాలామంది అడగరు. అందుకే వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాం.

అపోహ: వైరస్ ఎక్కిస్తే దాని జబ్బు వస్తుంది, ఇంట్లోవాళ్లకూ అంటుకుంటుంది.

వాస్తవం: చికిత్సకు వాడే వెక్టర్ (జన్యువును మోసేలా మార్చిన వైరస్) కణంలోకి దూరగలదు కానీ అక్కడ పిల్లలు పెట్టలేదు. ఎక్కువగా వాడే ఏఏవీ అనే చిన్న వైరస్‌నే తీసుకోండి. దాని వ్యాసం సుమారు 25 నానోమీటర్లు. వెక్టర్‌లో ఆ వైరస్‌ది మిగిలేది డీఎన్ఏకు రెండు కొసల్లో ఉండే 145 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) ఐటీఆర్ అనే ముక్కలే. మధ్యలోని రెప్, క్యాప్ అనే వైరస్ సొంత జన్యువులను తీసేసి మనకు కావలసిన జన్యువును పెడతారు. తయారీ సమయంలో రెప్, క్యాప్‌లను వేరే ప్లాస్మిడ్ (గుండ్రటి డీఎన్ఏ ముక్క) మీద అందిస్తారు. వాటికి ఐటీఆర్‌లు ఉండవు కాబట్టి అవి వైరస్ ప్రొటీన్ గుల్లలోకి ఎక్కవు. ఇంకో రకమైన లెంటివైరస్ వెక్టర్ హెచ్ఐవీ-1 నుంచి వచ్చిందే అయినా, మూడో తరం పద్ధతిలో దాని భాగాలను నాలుగు ప్లాస్మిడ్లుగా విడగొట్టారు. పైగా కుడివైపు కొసలోని యూ3 భాగాన్ని కోసేస్తారు. దాంతో కణంలో చేరాక వైరస్ సొంత ప్రమోటర్ (జన్యువును పనిచేయించే స్విచ్ లాంటి ముక్క) పనిచేయదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఏఏవీ తీసుకున్న పిల్లల మలంలో కొన్నాళ్లు వెక్టర్ అవశేషాలు బయటికి వస్తాయి. వెన్ను కండరాల క్షీణతకు ఇచ్చే జోల్‌జెన్‌స్మా తర్వాత కనీసం నెలరోజులు డైపర్లను మూటకట్టి పారేయాలి, మార్చినప్పుడల్లా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. లెంటివైరస్‌తో మార్చిన కణాలు తీసుకున్నవాళ్లకు ఇంకో విషయం ముఖ్యం. ఎన్ఏటీ పద్ధతిలో (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికి) చేసే కొన్ని హెచ్ఐవీ పరీక్షలు వెక్టర్‌లోని చిన్న భాగాన్ని పట్టుకుని తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు. చికిత్స చేసిన ఆస్పత్రి నుంచి ఈ మేరకు ఒక లేఖ రాయించుకుని ఫైల్లో ఉంచుకోండి. పెళ్లి సంబంధాల దగ్గరో, ఆపరేషన్ ముందో ఆ ఒక్క రిపోర్టు కుటుంబాన్ని కుదిపేస్తుంది.

అపోహ: కోవిషీల్డ్ కూడా జన్యు చికిత్సే, మన డీఎన్ఏను మార్చేసింది.

వాస్తవం: అందులో వాడింది చింపాంజీ అడినోవైరస్ వెక్టర్. దాని డీఎన్ఏ మన క్రోమోజోముల్లో అతుక్కోదు, అతికించే ఎంజైమ్ దానికి లేదు. కొద్దిరోజులు స్పైక్ ప్రొటీన్ చేయించి పోతుంది. లోపించిన జన్యువును భర్తీ చేయడం దాని పని కాదు.

అపోహ: వైరస్‌లో ఏ జన్యువునైనా పెట్టి పంపవచ్చు.

వాస్తవం: ఏఏవీలో పట్టేది ఐటీఆర్‌లతో కలిపి సుమారు 4,700 బేస్‌లు. ప్రమోటర్, పాలీ-ఏ (జన్యువు ముగింపు సంకేతం) కూడా అందులోనే ఇమడాలి. హీమోఫీలియా-ఏలో లోపించే ఫ్యాక్టర్ 8 జన్యువు కోడింగ్ భాగమే 7,000 బేస్‌లు. రక్తం గడ్డకట్టడానికి అవసరం లేని బీ-డొమైన్‌ను తీసేస్తే సుమారు 4,400కు దిగుతుంది, అదీ అతికష్టం మీద పడుతుంది. డుషేన్ కండరాల క్షీణతలోని డిస్ట్రోఫిన్‌కు 11,000 పైనే కావాలి. అందుకే దాన్ని కుదించిన మైక్రోడిస్ట్రోఫిన్‌ను ఇస్తున్నారు. అది పూర్తి ప్రొటీన్‌కు సమానం కాదని తల్లిదండ్రులకు ముందే చెప్పి తీరాలి. లెంటివైరస్‌లో 8,000 దాకా పడుతుంది కానీ, పొడవు పెరిగేకొద్దీ టైటర్ (వెక్టర్ గాఢత) పడిపోతుంది.

అపోహ: జబ్బు తెచ్చే వైరస్ కాదు కాబట్టి డోసు ఎంతయినా ఫరవాలేదు.

వాస్తవం: ఈ రంగంలో ప్రాణాలు పోయిన సందర్భాలను చూడండి. ఎక్కువసార్లు కారణం ఇన్ఫెక్షన్ కాదు. ఒక్కసారిగా లోపలికి వెళ్లిన ప్రొటీన్ గుల్లల మీద శరీరం తిరగబడటమే. 1999 సెప్టెంబరులో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ట్రయల్‌లో 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్ అడినోవైరస్ వెక్టర్ ఇచ్చిన నాలుగు రోజులకు చనిపోయాడు. 2025లో డుషేన్‌కు ఎలెవిడిస్ అనే జన్యు చికిత్స తీసుకున్న, నడవలేని దశలో ఉన్న ఇద్దరు అబ్బాయిలు కాలేయం విఫలమై మరణించారు.

డోసుల తేడా అంకెల్లో చూస్తేనే అర్థమవుతుంది. ఆర్‌పీఈ65 లోపంతో వచ్చే అంధత్వానికి లక్స్‌టర్నా అనే జన్యు చికిత్సను రెటీనా కింద ఇస్తారు. ఒక కంటికి 0.3 మిల్లీలీటర్లలో 1.5×10¹¹ వెక్టర్ జీనోములు. జోల్‌జెన్‌స్మాను రక్తనాళంలోకి కిలో బరువుకు 1.1×10¹⁴ చొప్పున ఎక్కిస్తారు. పది కిలోల పిల్లాడి ఒంట్లోకి వెళ్లేది కంటి డోసుకు ఏడువేల రెట్లు పైనే. అందుకే చికిత్సకు ముందురోజు నుంచి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను రోజుకు కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున కనీసం 30 రోజులు ఇస్తారు, ఆ తర్వాత కాలేయ పరీక్షలు చూసి మెల్లగా తగ్గిస్తారు. బాగానే ఉన్నాడు కదా అని ఊరెళ్లి స్టెరాయిడ్ మానేయడం అన్నిటికంటే ప్రమాదకరం. ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే కాలేయ పరీక్షలు మొదట వారం వారం చేయించాలి. ఊళ్లో చేయించినా రిపోర్టు ఆరోజే డాక్టరుకు చేరాలి.

డోసు లెక్కలో ల్యాబ్ వైపు తప్పులూ ఉంటాయి. ఏఏవీ తయారీకి హెచ్ఈకే 293 అనే ల్యాబు కణాల్లో మూడు ప్లాస్మిడ్లను పీఈఐ అనే రసాయనంతో ఎక్కించి, 72 గంటల తర్వాత పంట తీస్తే వచ్చే గుల్లల్లో సగానికి పైగా జన్యువు లేని తాలు గింజలే ఉండొచ్చు. అవి కణానికి మేలు చేయవు, రోగనిరోధక వ్యవస్థను మాత్రం రెచ్చగొడతాయి. 15, 25, 40, 60 శాతం అయోడిక్సనాల్ (బరువును బట్టి వేరుచేసే చిక్కటి ద్రవం) పొరల మీద వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే నిండు గుల్లలు 40, 60 పొరల మధ్య నిలుస్తాయి. గొట్టం పక్కనుంచి సూదితో తీసేటప్పుడు ఆశకొద్దీ పైన 25 శాతం అంచుదాకా లాగితే తాలు మళ్లీ కలుస్తుంది. అక్కడ ఆపడం నేర్చుకోవాలి.

టైటర్ కొలిచే ముందు డీఎన్ఏజ్ (డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమ్) వేయకపోతే గుల్లల బయట మిగిలిన ప్లాస్మిడ్‌ను కూడా క్యూపీసీఆర్ (డీఎన్ఏను లెక్కించే పరీక్ష) లెక్కేస్తుంది. నిజానికి ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. పలుచన చేసిన వెక్టర్ మామూలు ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది, బఫర్‌లో 0.001 శాతం ప్లూరోనిక్ ఎఫ్-68 ఉంటే ఆ నష్టం తగ్గుతుంది. ఇంకా ముందు దశలోనే పాడయ్యేది ఐటీఆర్. బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్ పెంచేటప్పుడు ఈ మెలికల ముక్క తెగిపోతుంటుంది. పునఃసంయోగం తక్కువగా జరిగే స్ట్రెయిన్‌లో, 37 కాకుండా 30 డిగ్రీల దగ్గర పెంచండి. ప్రతి మ్యాక్సీప్రెప్‌ను (బ్యాక్టీరియా నుంచి తీసిన ప్లాస్మిడ్‌ను) స్మా-1 ఎంజైమ్‌తో కోసి జెల్ మీద చూశాకే ముందుకు వెళ్లండి.

అపోహ: ఎంఓఐ (కణానికి ఇన్ని వెక్టర్లు అనే లెక్క) 5 అంటే ఏ వెక్టర్‌కైనా 5 అనే.

వాస్తవం: లెంటివైరస్‌కు ఎంఓఐ అంటే నిజంగా కణంలో దూరిన యూనిట్ల లెక్క. ఏఏవీకి సాధారణంగా చెప్పేది కణానికి ఎన్ని జీనోములు వేశామన్నది, అది లక్ష కూడా ఉండొచ్చు. రెంటినీ పోల్చకూడదు. లెంటివైరస్ ప్రొటీన్‌ను కొలిచే పీ24 ఎలీసా పరీక్ష కూడా చచ్చిన కణికలను కలిపి చూపిస్తుంది. పనిచేసే టైటర్ కావాలంటే కణాల మీద పలుచన వరస వేసి, ఫ్లో సైటోమీటర్‌లో (కణాలను ఒక్కొక్కటిగా చూసి లెక్కించే యంత్రంలో) 20 శాతం లోపు పాజిటివ్ ఉన్న ప్లేటు గుంటనే లెక్కకు తీసుకోవాలి. పాయిసాన్ లెక్క ప్రకారం ఎంఓఐ 1 దగ్గర 37 శాతం కణాలకు ఏమీ అందదు, 37 శాతానికి ఒక్కటి, మిగతా 26 శాతానికి రెండో అంతకన్నా ఎక్కువో అందుతాయి.

లెంటివైరస్ వడపోతకు 0.45 మైక్రాన్ ఫిల్టరు వాడండి, 0.22 వాడితే చాలా పోతుంది. డ్రై ఐస్‌లో వచ్చిన వయల్ మూత వదులుగా ఉంటే కార్బన్ డయాక్సైడ్ లోపలికి చేరి ద్రవం ఆమ్లంగా మారుతుంది, లెంటివైరస్ దానికి ఓర్చుకోదు. మూత బిగించి ఒకరోజు మైనస్ 80లో ఉంచాకే కరిగించండి, కరిగించింది మళ్లీ గడ్డకట్టించకండి.

అపోహ: మొదటిసారి పనిచేయకపోతే మళ్లీ ఇస్తారు.

వాస్తవం: ఏఏవీ ఒక్కసారి రక్తంలోకి వెళితే దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు విపరీతంగా పెరిగి ఏళ్ల తరబడి ఉంటాయి. రెండో డోసు కణం దాకా చేరదు. అంతేకాదు, చిన్నప్పుడే సహజంగా ఏఏవీ సోకినవాళ్లకు ఈ యాంటీబాడీలు ముందే ఉంటాయి. కాబట్టి ఏ ట్రయల్‌లోనైనా చేరే ముందు అడగండి: ఇందులో తక్కువ డోసు గుంపులో పడితే తర్వాత మంచి డోసు తీసుకునే వీలుంటుందా? చాలావరకు ఉండదు. సంతకం పెట్టే ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

అపోహ: జన్యువు ఎక్కించారంటే జీవితాంతం పనిచేస్తుంది. క్రోమోజోములో అతుక్కుంటే క్యాన్సర్ ఖాయం.

వాస్తవం: ఏఏవీ జన్యువు ఎక్కువ భాగం క్రోమోజోములో అతుక్కోకుండా విడిగా ఉండిపోతుంది. విభజన ఆగిన కణాల్లో అది ఏళ్లు నిలుస్తుంది. పెరిగే కాలేయంలో కణాలు రెట్టింపయ్యేకొద్దీ పలచబడుతుంది. పెద్దవాళ్లలోనూ హీమోఫీలియా-ఏకు ఇచ్చే ఏఏవీ చికిత్స రోక్టేవియన్ తర్వాత ఫ్యాక్టర్ 8 మట్టం ఏటేటా తగ్గడం కనిపించింది.

రక్త మూలకణాల్లో మాత్రం అతుక్కోవడం తప్పనిసరి. అక్కడ భయానికి చరిత్ర ఉంది. ఎస్‌సీఐడీ-ఎక్స్1 అనే రోగనిరోధక లోపానికి పారిస్, లండన్‌లలో గామారెట్రోవైరస్ వెక్టర్‌తో చికిత్స పొందిన 20 మంది పిల్లల్లో కనీసం ఐదుగురికి లుకేమియా వచ్చింది. వెక్టర్ ఎల్ఎంఓ2 లాంటి, క్యాన్సర్‌కు దారితీయగల జన్యువుల పక్కన పడి వాటిని రెచ్చగొట్టింది. లెంటివైరస్ వచ్చాక ఆ ప్రమాదం బాగా తగ్గింది, కానీ సున్నా కాలేదు. మెదడును దెబ్బతీసే ఒక జన్యు జబ్బుకు లెంటివైరస్‌తో చేసే స్కైసోనా చికిత్స తీసుకున్న 67 మందిలో ఏడుగురికి రక్త క్యాన్సర్లు వచ్చాయని 2024లో ప్రచురితమైంది. ఆ వెక్టర్‌లో బలమైన వైరల్ ప్రమోటర్ ఉంది. కాబట్టి "లెంటివైరసా?" అని అడిగితే సరిపోదు, "ప్రమోటర్ ఏది?" అని కూడా అడగాలి.

మన దగ్గర వేలూరు సీఎంసీలో, బెంగళూరులోని ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థకు అనుబంధమైన స్టెమ్ సెల్ పరిశోధన కేంద్రం పనితో, తీవ్ర హీమోఫీలియా-ఏ ఉన్న ఐదుగురికి ఫ్యాక్టర్ 8 జన్యువును లెంటివైరస్‌తో వారి మూలకణాల్లోకే పంపి తిరిగి ఎక్కించారు. ఆ ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి. గమనించిన కాలంలో ఐదుగురిలో ఎవరికీ రక్తస్రావం కాలేదు. అయితే దానికి ముందు మజ్జను మందులతో ఖాళీ చేయాలి. చేతికి ఒక్క సూది వేయించుకుని ఇంటికి వెళ్లే చికిత్స కాదది.

అపోహ: చికిత్స అయ్యాక జబ్బు పిల్లలకు రాదు.

వాస్తవం: మారేది కాలేయమో, రక్తకణాలో. వీర్యకణాలు మారవు. హీమోఫీలియా ఉన్న తండ్రి జన్యు చికిత్స తీసుకుని పూర్తిగా బాగున్నా, అతని కూతుళ్లందరూ వాహకులే (లోపమున్న జన్యువును మోసేవాళ్లే) అవుతారు. కొడుకులకు ఆ జన్యువు తండ్రి నుంచి రాదు. కూతుళ్ల పెళ్లిళ్లు, కాన్పుల నాటికి ఈ మాట ఇంట్లో తెలిసి ఉండాలి.

అపోహ: డబ్బు కడితే నగరంలో ఎక్కడో ఒకచోట చేస్తారు.

వాస్తవం: అనుమతి రాని జన్యు చికిత్సను ట్రయల్‌గానే ఇవ్వాలి, ట్రయల్‌లో చేరినవారి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2019 మార్గదర్శకాలు ఇందుకే ఉన్నాయి. ఎవరైనా ప్యాకేజీ చెబితే సీటీఆర్ఐ (దేశంలోని ట్రయళ్లను నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడగండి, సైట్‌లో ఆ నంబరు కొట్టి ఆస్పత్రి పేరు, వెక్టర్ పేరు, చేరడానికి అర్హత ఉన్న వయసు సరిపోయాయో లేదో చూడండి. నంబరు ఇవ్వనంటే లేచి వచ్చేయండి.